ముందు ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకాలి

మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది: ఉండేది ప్రొద్దుటూరు, పెళ్లయి ఏడాదిన్నర, మీకు 26, మీ ఆయనకు 29. యూకే యంగ్ ప్రొఫెషనల్స్ వీసా బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, ఇద్దరి పేర్లూ వచ్చాయి. అక్కడ రెండేళ్లు పని చేసుకుంటూ శని, ఆదివారాల్లో చుట్టుపక్కల ఊళ్లు తిరగాలని ఆశ. అది నిజంగా కుదిరే పనేనా, ఏ ఊళ్లో ఉంటే మేలు అని అడిగారు.

ముందు మీ అదృష్టం సంగతి. ఆ వీసాకు మన దేశం మొత్తానికి ఏడాదికి 3,000 మందికే చోటు. భార్యాభర్తలైనా సరే ఎవరి బ్యాలెట్ వాళ్లదే. ఒకరి వీసా మీద ఇంకొకరు పోవడానికి లేదు. మా ఇంట్లో 2023 ఫిబ్రవరిలో మా ఆయన పేరు వచ్చింది, నాది జూలైలో. ఆయన జూన్‌లో పోతే నేను డిసెంబరులో పోయాను. ఆయన వీసా ముగిసేనాటికి నాకింకా ఆరు నెలలు మిగిలే ఉన్నాయి, కానీ ఒక్కదాన్నే ఉండి ఏం చేయాలని నేనూ వచ్చేశాను. అంటే కలిసి ఉన్నది ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో ఎన్ని వీకెండ్లు బయటికి పోయామో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 41. కాబట్టి కుదురుతుంది. అయితే మొదటి నాలుగు నెలల్లో ఆ లెక్క సున్నా.

ఎందుకంటే, నేను దిగిన రెండో వారంలోనే ఒక కెఫేలో పని దొరికింది. సంబరపడి చేరిపోయాను. కెఫేకి రద్దీ ఉండేది శని, ఆదివారాలే కదా, నాకు సెలవు మంగళ, బుధవారాలు ఇచ్చారు. మా ఆయనది ఒక చిన్న ఇంజినీరింగ్ వర్క్‌షాపులో సోమవారం నుంచి శుక్రవారం దాకా పని. నేను ఇంటికొచ్చేసరికి ఆయన నిద్ర, ఆయన లేచి పోయేసరికి నాది నిద్ర. ఒకే గదిలో ఉంటూ ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకుని మాట్లాడుకున్నాం. "కూర ఉంది, వేడి చేసుకో." "కరెంటు బిల్లు కట్టినాను." కడపలో మా అత్తగారింట్లో ఉన్నప్పుడే ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం.

అందుకే మీకు నేను చెప్పే మొదటి మాట ఊరి గురించి కాదు, జీతం గురించీ కాదు. ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడే రోటా, అంటే ఎవరికి ఏ రోజు పనో చెప్పే పట్టిక, అడగండి. నెలకు ఎన్ని శని, ఆదివారాలు పని పడుతుంది, రోటా ఎన్ని వారాల ముందు చేతికిస్తారు, అవసరమైతే తోటివాళ్లతో షిఫ్టు మార్చుకోనిస్తారా? ఈ మూడూ అడిగితే ఏమనుకుంటారో అని నేను మొహమాటపడ్డాను. అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత నేను కెఫే మానేసి ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూసే పేరోల్ అసిస్టెంట్‌గా చేరాను. బీకాం చదివి, కడపలో ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్లు ట్యాలీ కొట్టిన అనుభవం అక్కడ పనికొచ్చింది. గంటకు వచ్చే డబ్బు కెఫేలో వచ్చిన టిప్పులతో కలిపి చూస్తే కాస్త తక్కువే, కానీ శుక్రవారం సాయంత్రం ఐదు తర్వాత ఇద్దరమూ ఖాళీ.

హోటల్, కేర్ హోమ్ పనులు తప్ప దొరక్కపోతే బెంగపడొద్దు. ఇద్దరూ అలాంటి చోట్లే చేరి, సోమ, మంగళవారాలు ఇద్దరికీ సెలవు వచ్చేలా అడిగి పెట్టించుకోండి. మాకు తెలిసిన నంద్యాల జంట అలాగే చేసింది. ఆ రోజుల్లో తిరిగితే జనం తక్కువ, గది అద్దెలు తక్కువ, మ్యూజియంలో క్యూ ఉండదు.

జీతం ఎంతొస్తుందని ఎలాగూ అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ లెక్కన వారానికి 37న్నర గంటలు చేస్తే పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోను నెలకు 1,700 పౌండ్ల చుట్టుపక్కల చేతికొస్తుంది. పెన్షన్ కోత ఉంటే ఇంకొంచెం తగ్గుతుంది. ఇద్దరిదీ కలిస్తే అద్దె, తిండి, తిరుగుడు పోను ఎంతో కొంత మిగులుతుంది. కానీ ఊళ్లో ఇల్లు కట్టే డబ్బు తెస్తామనుకుంటే మాత్రం ఈ వీసా దానికి కాదు. రెండేళ్లే, పొడిగింపు లేదు.

ఇక సెలవులు. ఫుల్‌టైమ్ పనికి ఏడాదికి 28 రోజుల జీతంతో సెలవు చట్టప్రకారం వస్తుంది. ఇంగ్లండులో ఏడాదికి 8 బ్యాంక్ హాలిడేలు, అంటే ప్రభుత్వ సెలవులు, ఉంటాయి, చాలా కంపెనీలు వాటిని ఈ 28లోనే కలిపేస్తాయి. అందులో ఈస్టర్‌ను వదలకండి. గుడ్ ఫ్రైడే, శని, ఆది, ఈస్టర్ సోమవారం, ఒక్క రోజు కూడా సొంత లీవు పెట్టకుండా నాలుగు రోజులు. మేం స్కాట్లండ్ చూసింది ఆ నాలుగు రోజుల్లోనే.

ఊరి సంగతి. అందరూ లండన్ అంటారు. నేను వద్దంటాను. అక్కడ అద్దెకే ఒకరి జీతంలో సగం పైన పోతుంది, పైగా ఊరు దాటి బయటపడేసరికే పూట గడిచిపోతుంది. మన గుంతకల్లు లాంటి ఊరు వెతుక్కోండి. ఊరు గొప్పదై ఉండనక్కర్లేదు, నాలుగు దిక్కులకూ రైళ్లు పోతే చాలు. లీడ్స్, మాంచెస్టర్, షెఫీల్డ్, యార్క్ అలాంటివి. మేం లీడ్స్‌లో ఉన్నాం. పంచుకునే ఇంట్లో ఇద్దరికి ఒక గది, బిల్లులతో కలిపి నెలకు 650 పౌండ్లు కట్టాం. అడ్వాన్సు కింద ఐదు వారాల అద్దెకు మించి అడిగితే అది చట్టానికి విరుద్ధం, గట్టిగా చెప్పండి.

పోకముందు చూపించాల్సిన, కట్టాల్సిన డబ్బు చాలామంది సరిగా లెక్క వేసుకోరు. ఒక్కొక్కరి ఖాతాలో 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. వీసా ఫీజు కాక అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకూ ముందే కట్టాలి. ఇద్దరికీ ఆ ఒక్క సర్‌చార్జే 3,104 పౌండ్లు, మన డబ్బుల్లో మూడు లక్షలు దాటిపోతుంది. ఇంకొక మాట, బ్యాలెట్‌లో పేరు వేయడానికి పైసా కట్టక్కర్లేదు. "మేం పేరు తెప్పిస్తాం" అని ఒక కన్సల్టెన్సీ మా దగ్గర 15,000 రూపాయలు తీసుకుంది. లాటరీలో పేరు తెప్పించడం ఎవరి తరం? ఆ డబ్బు తిరిగి రాలేదు. మీ చెల్లెళ్లూ తమ్ముళ్లూ అడిగితే ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు తిరుగుడు. రైలు టికెట్లు అక్కడ ఖరీదే, కానీ మీలాంటి వాళ్ల కోసమే టూ టుగెదర్ రైల్‌కార్డ్ అని ఒకటుంది. ఇప్పుడు ఏడాదికి 35 పౌండ్లు. కార్డు మీద ఇద్దరి పేర్లూ, ఫొటోలూ ఉంటాయి, ఇద్దరూ కలిసి పోతే టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నర లోపు చెల్లదు, శని, ఆదివారాల్లో ఆ అడ్డు లేదు. ఒక్కరే పోతే పనికిరాదు. ఒకసారి యార్క్‌లో పోట్లాడుకుని నేను ముందు రైలుకు పోతానని బయల్దేరి, ఈ కార్డు గుర్తొచ్చి ప్లాట్‌ఫారం మీదే ఆయన కోసం కూర్చున్నాను.

దూరపు ఊళ్లకు అడ్వాన్స్ టికెట్లు మూడు నెలల ముందు నుంచి దొరుకుతాయి. ఆదివారం మాత్రం తరచూ పట్టాల మరమ్మతు పేరుతో రైలు తీసేసి బస్సు ఎక్కిస్తారు, శనివారమే చూసుకోండి. బస్సుల్లో ఒక్కో ట్రిప్పుకు ఇంతకు మించి తీసుకోకూడదని ఇంగ్లండులో హద్దు ఉంది. మేం పోయినప్పుడు 2 పౌండ్లు, 2025 నుంచి 3. లీడ్స్ నుంచి స్కార్‌బరో దాకా యార్క్ మీదుగా ఒకే బస్సు పోతుంది, దాదాపు మూడు గంటలు. రెండు పౌండ్లకు సముద్రం! మన కడప జిల్లా వాళ్లం సముద్రం చూడాలంటే నెల్లూరు వైపు పోవాలి. ఇంగ్లండులో ఏ మూల ఉన్నా సముద్రం 115 కిలోమీటర్ల లోపే. చలికి నీళ్లలో కాలు పెట్టలేకపోయాం, అది వేరే సంగతి.

నాకు అన్నిటికన్నా మనసులో నిలిచింది మాలం అనే పల్లె. లీడ్స్ నుంచి స్కిప్టన్‌కు రైలు, అక్కడి నుంచి పల్లె బస్సు. ఊరు దాటి పొలాల్లో నడిస్తే ఎదురుగా 80 మీటర్ల ఎత్తున తెల్లటి సున్నపురాతి గోడ, వంపు తిరిగి నిలబడి ఉంటుంది. మంచు యుగం చివర కరిగిన నీళ్లు జలపాతమై దాని మీంచి దూకేవట. ఇప్పుడు పైన నీళ్లు లేవు. గోడ అడుగు నుంచి మాత్రం ఒక వాగు మెల్లగా బయటికొస్తుంది. సున్నపురాయి నీళ్లను మింగి లోపల్లోపలే దారి చేసుకుంటుంది. 2015 డిసెంబరు తుఫానులో ఒక్కసారి మళ్లీ జలపాతం దూకిందని అక్కడివాళ్లు కథలా చెప్తారు. మెట్లెక్కి పైకి పోతే నేలంతా బండలు, బండకూ బండకూ మధ్య లోతైన చీలికలు. మా ఆయన చెప్పు జోడు ఆనించి చూసి "ఇది మన కడప బండే కదా, పాలిష్ చేయలేదంతే" అన్నారు. నవ్వుకున్నాం గానీ ఆయన అన్నది మరీ తప్పేం కాదు. మన ఇళ్లలో పరిచే కడప బండలూ సున్నపురాయే, బెలూం గుహలనూ ఆ రాతిలో నీళ్లే తొలిచాయి. మూడు కిలోమీటర్ల పైన పొడవున్న బెలూం మనకు ఒక పూట ప్రయాణం. నేను దాన్ని చూసింది లీడ్స్ నుంచి తిరిగొచ్చాకే. మీరు టికెట్ కొనేలోపు ఒక ఆదివారం బెలూం, ఇంకో ఆదివారం గండికోట చూసి పోండి. ఇంగ్లండులో రాళ్లనూ లోయలనూ చూసినప్పుడు పోల్చుకోవడానికి ఒకటుంటుంది.

ఆ మాలంలోనే మేం చేసిన తప్పూ చెప్తాను. తిరుగు బస్సు టైము ఫోన్లో చూసుకోవచ్చులే అనుకున్నాం. లోయలో సిగ్నల్ లేదు, ఆఖరి బస్సు పోయింది. గార్‌గ్రేవ్ స్టేషన్ దాకా పది కిలోమీటర్ల పైనే నడిచాం. జూన్ కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంది, బతికిపోయాం. అదే డిసెంబరు అయితే మూడుముప్పావుకే పొద్దు గుంకుతుంది. పల్లెలకు పోయేటప్పుడు తిరుగు బస్సు టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఈ వెలుతురు లెక్కను బట్టే ఏడాదిని భాగం చేసుకోండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కొండలు, సముద్రం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మ్యూజియంలు, పాత కోటలు, ఊరి వీధులు. యార్క్‌లో రైల్వే మ్యూజియానికి టికెట్ లేదు, రోజంతా చూడొచ్చు. వాన గురించి మన వాళ్లు మరీ భయపెడతారు. అనంతపురంలో పుట్టిన మా ఆయనకైతే వాన చూసి విసుగు పుట్టడానికి ఏడాది పట్టింది. ఆయన పట్టుబట్టి నన్ను లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అనే పల్లెకు తీసుకుపోయారు. ఇంగ్లండులో మనుషులుండే చోట్లలో అన్నిటికన్నా ఎక్కువ వాన అక్కడేనట, ఏడాదికి 3,500 మిల్లీమీటర్లు. మన అనంతపురానికి పడేది 550 చుట్టుపక్కల. తడిసి ముద్దయి, గొర్రెల పక్కన నిలబడి, మనిషి పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు. గొడుగు మాత్రం కొనకండి, గాలికి మొదటి రోజే విరిగిపోతుంది. మంచి రెయిన్‌కోటు కొనండి.

రైలంటే ఇష్టమైతే సెటిల్ నుంచి కార్లైల్ లైను ఒక్కసారి ఎక్కాల్సిందే. దారిలో రిబుల్‌హెడ్ దగ్గర 24 కమాన్ల రాతి వంతెన. 1870లలో, మన గుంతకల్లు మీదుగా మద్రాసు, బొంబాయి లైను కలిసిన రోజుల్లోనే కట్టారు. దాన్ని కట్టిన కూలీలు, వాళ్ల పిల్లాపాపలు ఆ బీడులో గుడిసెలేసుకుని, మశూచి వచ్చి, ప్రమాదాలు జరిగి ఎంతమంది పోయారో. దగ్గర్లోని చిన్న చర్చిలో వాళ్ల సమాధులున్నాయి.

కడప వాళ్లం కాబట్టి చెప్తున్నాను, లండన్‌లో ఉండకపోయినా ఒక వీకెండ్ పోయి రండి. అందరూ చూసేవి ఎలాగూ చూస్తారు. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి, టికెట్ లేదు. మన రాళ్లను అద్దాల వెనక చూస్తే ఏమనిపిస్తుందో నేను చెప్పను, ఒకరికొకటి అనిపిస్తుంది. ఆ తర్వాత కెన్సల్ గ్రీన్ స్మశానానికి పోండి. సి.పి. బ్రౌన్ సమాధి అక్కడుంది. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి, తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలు పోగుచేసి, నిఘంటువు కట్టిన మనిషి, 1884లో లండన్‌లో పోయారు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ ముందు నుంచే ట్యూషన్‌కి పోయేదాన్ని. ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. స్మశానం 72 ఎకరాలు. సమాధి ఏ వైపుందో కనుక్కోకుండా పోయి రెండు గంటలు తిరిగి, దొరక్క వెనక్కొచ్చాం. రెండోసారి ముందే అడిగి పోయాం, దొరికింది. మా నాన్నకు వీడియో కాల్ చేసి చూపిస్తే, "అమ్మా, చెప్పులు విడిచినావా?" అని అడిగారు. విడవలేదు, చలి. అబద్ధం చెప్పాను.

ఇలాంటిదే ఇంకొకటి గ్లాస్గో. దత్త మండలాలకు 1800 నుంచి ప్రిన్సిపల్ కలెక్టరుగా చేసిన థామస్ మన్రో పుట్టిన ఊరది. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న కాలం మన సీమలో ఉంది. మా ఆయన తరఫు వాళ్లది గుత్తి, వాళ్ల ముత్తాతల్లో ఒకరి పేరు అదే. ఆ ఊళ్లో ప్రత్యేకంగా ఏమీ వెతకలేదు, ఆ పేరున్న ముసలాయన గురించి మాట్లాడుకుంటూ వీధుల్లో తిరిగాం. మన ఊళ్ల చరిత్రలను కైఫీయతులుగా రాయించిన మెకంజీది ఇంకా పైన, లూయిస్ దీవిలో స్టోర్నవే. అది రెండు రోజుల్లో అయ్యే పని కాదు, మేం పోలేకపోయాం.

ఒక జాగ్రత్త. యూకే వీసా ఉంది కదా అని పారిస్ టికెట్ కొనేయకండి. మన పాస్‌పోర్టుకు ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు పోయే షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి, ఫీజు 90 యూరోలు, అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని. ఐర్లండూ వేరే దేశమే. బెల్‌ఫాస్ట్ వరకు యూకేనే కాబట్టి పోవచ్చు. అక్కడి నుంచి డబ్లిన్ బస్సు ఎక్కేటప్పుడు ఎవరూ ఆపరు, అలాగని ఐర్లండు వీసా లేకుండా ఎక్కితే తప్పు మీదే అవుతుంది.

తిండికి బెంగ లేదు. లీడ్స్‌లో ఇండియన్ షాపుల్లో రాగిపిండి దొరికేది, శుక్రవారం రాత్రి సంగటి, వేరుశెనగ చట్నీ. శనివారం పొద్దున చింతపండు పులిహోర సద్ది కట్టుకుని బయల్దేరేవాళ్లం. బయట ఇద్దరు ఒక పూట తింటే 25, 30 పౌండ్లు. సద్ది ఉంటే రోజంతా, టికెట్లతో కలిపి 40 దాటేది కాదు. బొరుగులు మాత్రం ఇంటి నుంచే తీసుకుపోండి, అక్కడ దొరికేవి ఉగ్గానికి పనికిరావు.

ఇంకోటి. ప్రతి వీకెండూ పోవాలని పెట్టుకోకండి. మూడు వారాలు వరుసగా తిరిగితే నాలుగో వారం బట్టలు ఉతుక్కోవడానికీ, పడుకోవడానికీ వదిలేయండి. మేం పోట్లాడుకున్నవన్నీ ఆ నాలుగో వారం వదలనప్పుడే.

మీ ప్రశ్న కింద ఇంకొకరు, ఒక్కరికే బ్యాలెట్ వస్తే ఏం చేయాలని అడిగారు. తర్వాతి బ్యాలెట్ దాకా ఆగడమే, మేం చేసింది అదే. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాకూ 2024 అక్టోబరు నుంచి మన వాళ్లకు బ్యాలెట్ పెట్టారు, ఏడాదికి 1,000 మందికి. దానికీ వయసు 18 నుంచి 30, అక్కడా ఇద్దరూ విడివిడిగానే వేయాలి, పేరు వేయడానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు. నేను పోయింది యూకేకే కాబట్టి అక్కడి తిరుగుడు గురించి పోయినవాళ్లు చెప్పాలి.

ఉద్యోగం ఆఫర్ వచ్చాక పని గంటల గురించి అందులో ఏం రాశారో, కంపెనీ పేరు తీసేసి, ఇక్కడ పెట్టండి. పేరోల్‌లో అలాంటివి చాలా చూశాను, శనివారాలు ఎక్కడ దాచిపెట్టారో చెప్తాను.